నాలుగు రెక్కల తడక

అమ్మ దాన్ని మొదటి రోజే తడక అంది. దుకాణం వాడు పార్టిషన్ అన్నాడు. నేను ఫోన్లో చూసిన ఇంటి అలంకరణ వీడియోల్లో మడత తెర అన్నారు, దాని చెక్కడం పని గురించి ఒకావిడ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. అమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "గిన్ని పైసలు వెట్టి తడక కొనుక్కొచ్చినవా?" అంది. నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంట్లో అందరూ అంటే ముగ్గురమే. నేను, అమ్మ, బాపు. మాది సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చిన సాంచల కుటుంబం. సాంచలంటే కరెంటు మగ్గాలు. పెళ్లయిన కొత్తలోనే బాపు అమ్మను తీసుకుని ఇక్కడికొచ్చి ఉధ్నాలో ఒక కార్ఖానాలో చేరాడు. ఆ కార్ఖానా వెనక సందులో, ఒకే ఒక్క గదిలో నేను పుట్టి పెరిగాను. మోకాళ్లు అరిగి బాపు పని మానేశాక, నా చీరల వ్యాపారం కాస్త నిలదొక్కుకున్నాక, తాపీ నది దాటి అమ్రోలిలో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. ఒక పడకగది, ఒక హాలు, హాలును ఆనుకునే వంటగది. మధ్యలో గోడ లేదు, తలుపు లేదు. దివాన్ మీద కూర్చుంటే పొయ్యి మీద పప్పు పొంగడం కనిపిస్తుంది.

ఆ కనిపించడమే నాకు తలనొప్పి అయింది. నేను ఫోన్లో లైవ్ పెట్టి చీరలు అమ్ముతాను. కొనేవాళ్లంతా తెలుగు ఆడవాళ్లే, కళ్లు మహా చురుకు. నేను పమిట చాపి అంచు చూపిస్తుంటే నా భుజం వెనక గ్యాస్ సిలిండర్, మిక్సీ, ఆరేసిన మసిగుడ్డ, వాటి మధ్యలో అమ్మ. అమ్మ ఊరికే కనిపిస్తే బాధ లేదు. హాల్లో కూర్చున్న బాపు వైపు తిరిగి చేతులు తిప్పుతూ ఉండేది. బొటనవేలు నోటి దగ్గరికి పోతే చాయ్. అరచెయ్యి బోర్లించి ఊపితే లేవకు, కూర్చో. రెండు వేళ్లు చెంప మీద పెడితే మందు వేసుకున్నావా అని. సాంచల మోతలో మాట వినపడదు కనుక కార్ఖానాల్లో అందరూ ఇలా చేతులతో, పెదాల కదలికతో మాట్లాడుకుంటారు. అమ్మ కూడా అక్కడ బాబిన్లకు నూలు చుట్టిన మనిషే. ఆ అలవాటు వాళ్లతో పాటు ఇంట్లోకి వచ్చిందనుకునేదాన్ని. ఒకరోజు లైవ్‌లో ఎవరో "వెనక ఆంటీ డ్యాన్స్ సూపర్" అని రాశారు. దాని కింద నవ్వే బొమ్మలు వరస కట్టాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆదివారమే తడక ఇంటికొచ్చింది.

దాని అందం చెప్పకపోతే అన్యాయం. నాలుగు రెక్కలు. మామిడి చెక్క చట్రం, పైన జానెడు మేర తీగల చెక్కడం, దాని కింద నేల దాకా దళసరి జకార్డ్ బట్ట. ముదురు ఆకుపచ్చ మీద ఇత్తడి రంగు ఆకులు. రెక్కకూ రెక్కకూ మధ్య బందులు. "బెన్, సీదా మత్ ఖోల్నా, గిర్ జాయేగా" అని దుకాణం వాడు పదేపదే చెప్పాడు. బెన్ అంటే ఇక్కడ అక్కా అన్నట్టు. పూర్తిగా చాపితే పడిపోతుందట, కొంచెం కొంచెం మడిచి వంకర టింకరగా పెట్టాలట. వంకరగా ఉంటేనే నిలబడే వస్తువును నేను అంతకుముందు చూడలేదు. హాలుకూ వంటగదికీ మధ్య పెట్టేసరికి మా హాలు వేరే వాళ్ల ఇల్లులా మారిపోయింది. పొద్దుటి ఎండ చెక్కడం సందుల్లోంచి నేల మీద పడేది. లైవ్‌లో చీరలకు కొత్త కళ వచ్చింది. వెనక ఆ పచ్చ తెర ఎక్కడ కొన్నావక్కా అని అడగని వాళ్లు లేరు.

అదే వారంలో అమ్మా బాపూ మాట్లాడుకోవడం మానేశారు.

ఇది మామూలు సంగతి కాదు. వాళ్లు పొద్దస్తమానం మాట్లాడుకునే రకం. కూరలో ఉప్పు, కింద కూరగాయల బండి, చచ్చిపోయిన బంధువులు, బతికున్న బంధువులు, అన్నీ కావాలి వాళ్లకు. గొడవ పడినా మాట్లాడుకుంటూనే పడతారు. అలాంటిది ఇప్పుడు బాపు దివాన్ మీద టీవీ వైపు చూస్తూ కూర్చుంటాడు, అమ్మ తడక వెనక గిన్నెల సప్పుడు చేస్తూ ఉంటుంది. అన్నం వడ్డించేటప్పుడు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నా లైవ్ కోసం టీవీ సౌండ్ ఎప్పుడూ బందు పెట్టే ఉంచుతాను. బాపు ఏమీ అనడు. ఎంత మంచి తండ్రి దొరికాడు నాకు అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం బాపు నన్ను దగ్గరికి పిలిచి, "మీ అమ్మకు నా మీద కోపమచ్చినట్టున్నది బిడ్డా. చాయ్ తాగుతవా అని గూడ అడుగుతలేదు" అన్నాడు.

తడక వెనక్కి పోయి అమ్మను నిలదీశాను.

"అడుగుతలేనా?" అంది అమ్మ. "గొంతు పోయేటట్టు అడుగుతున్న. ఆయనకే నా మాట లెక్కలేదు. పెద్దగైనంక గిట్ల మొండికేసిండు."

ఇద్దరి మొహాల్లోనూ అబద్ధం లేదు. నాకు బుర్ర తిరిగిపోయింది. ఆమె అడుగుతున్నానంటుంది, ఆయన అడగట్లేదంటాడు, మధ్యలో ఉన్నది నాలుగు రెక్కల గుడ్డ. నేనేమో ఇంట్లో ఉన్నప్పుడు సగం వేళ ఫోన్లో అరుస్తూ ఉంటాను, మిగతా సగం చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పార్సిళ్లు కడుతుంటాను. ఎవరు ఎవరితో ఏమన్నారో నేను విననే లేదు.

ఎదురింటి గుజరాతీ బెన్‌ను అడిగితే, వాస్తు ప్రకారం పొయ్యి ఉన్న మూలకు చెక్క అడ్డం పెట్టకూడదంది. నాకు నమ్మకం లేకపోయినా తడకను మూరెడు ఇటు జరిపాను. గాలి ఆడక చిరాకు పడుతున్నారేమోనని ఒక రెక్క మడిచాను. మడిచిన రెక్కను అమ్మ మళ్లీ తెరిచింది. పోనీ అసలు తీసేద్దామని ఒక పొద్దున పట్టుకుని లాగబోతే అమ్మ వచ్చి చట్రం పట్టుకుంది.

"ఉండనీ. నాకు మంచిగనే ఉన్నది."

"తడక అని ఎక్కిరించినవు గదనే!"

"ఎక్కిరించిన. ఇప్పుడు ఉండనీ అంటున్న."

ఇది మరీ వింత. వెక్కిరించిన మనిషికి అది కావాలి, ఏమీ అనని మనిషి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. తడక వెనక అమ్మ ఒక చిన్న పీట వేసుకుంది. మెంతికూర తెంపుతూ అక్కడే గంటలు గంటలు కూర్చునేది. ఒకసారి నేను నీళ్లకోసం పోతే కళ్లు తుడుచుకుంటూ కనబడింది. ఉల్లిగడ్డలు అందామంటే చేతిలో ఉన్నది గోరుచిక్కుడు.

"ఏమైందే?" అన్నాను పక్కన కూర్చుని.

"నేనొక మాట అడిగిన ఆయన్ని. నోరిప్పలేదు. గంతే."

"ఏం మాట?"

"ఆలుమగల మాట. నడుమ నువ్వెందుకు?"

ఇది విన్నాక నేను పోయి బాపు మీద విరుచుకుపడ్డాను. అమ్మ అడిగిన దానికి జవాబు ఎందుకు చెప్పలేదన్నాను. బాపు నా మొహంకేసి తెల్లబోయి చూశాడు. "ఏమడిగింది? ఎప్పుడడిగింది?" అన్నాడు. నటిస్తున్నాడనుకున్నాను. ఎంత బాగా నటిస్తున్నాడో అని కూడా అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత బాపు సంచిలో లుంగీలు సర్దుకున్నాడు. ఉధ్నా కార్ఖానాలో కాపలాకు సేట్‌కు నమ్మకమైన మనిషి కావాలట, అక్కడే పడుకోవచ్చట. "ఈడ నాతోటి ఎవరు మాట్లాడుతరు? ఆడనైతే దోస్తులున్నరు" అన్నాడు. అమ్మ తడక వెనక నుంచి బయటికి రాలేదు. "పోతే పోనీ" అంది. అంతలోనే వేరే గొంతుతో, "మోకాళ్లకు నూనె వెట్టుకొమ్మను" అంది. ఆ మాట నేను మోసుకుపోయి మెట్ల దగ్గర బాపుకు చెప్పాను. ఆయన తల ఊపి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగిపోయాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. జీవితమంతా ఒకే గదిలో బతికిన ఇద్దరు, రెండు గదులొచ్చాక విడిపోతారా? ఎవరిని ఏమనాలో తెలియదు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియదు. నాకు జీవితంలో అంతకన్నా ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

మర్నాడు టిఫిన్ డబ్బా పట్టుకుని ఉధ్నా పోయాను. కార్ఖానాలో అడుగుపెడితే ఎప్పటిలాగే నేల కాళ్ల కింద వణికింది. సాంచల వరసల చివర స్టూలు మీద బాపు కూర్చుని ఉన్నాడు. అంత దూరంలో ఉన్న పాత దోస్తుతో చేతులు తిప్పుతూ, పెదాలు కదుపుతూ, పడీ పడీ నవ్వుతున్నాడు. అమ్రోలిలో మా దివాన్ మీద ముడుచుకుని కూర్చున్న మనిషేనా అని నిలబడి చూశాను. నన్ను చూసి దూరం నుంచే పెదాలతో అడిగాడు, అమ్మ పంపిందా అని. ఆ మోతలో నాకు ఒక్క అక్షరం వినపడకపోయినా తెలిసింది. అవునని తలూపాను. నిజానికి అమ్మ పంపలేదు, నేనే తెచ్చాను.

చాయ్ తాగుదామని బయటికొచ్చాం. సందు మలుపు తిరిగితే మోత తగ్గిపోతుంది, అక్కడే చాయ్ బండి. బాపు ముందు నడుస్తున్నాడు. మురికి నీళ్ల గుంట దగ్గర, "బాపు, మెల్లగ" అన్నాను. ఆగలేదు. "బాపూ!" అని అరిచాను. చాయ్ బండి వాడు తల ఎత్తాడు. బెంచీ కింద పడుకున్న కుక్క లేచి నిలబడింది. బాపు మాత్రం వెనక్కి తిరగలేదు. నా మీద కూడా అలిగాడనుకుని పరుగున పోయి చెయ్యి పట్టుకున్నాను.

"పిలుస్తుంటే పోతనే ఉన్నవేంది?"

బాపు నా పెదాల వైపు చూశాడు. "ఎప్పుడు పిలిచినవ్?" అన్నాడు.

అమ్మ గురించి అడిగినప్పుడు చూసిన చూపే అది. అప్పుడు నేను దాన్ని నటన అనుకున్నాను. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. నాకు ఏదో అనుమానం మొదలైంది కాని, అది ఏమిటో నాకే స్పష్టంగా లేదు. చాయ్ గ్లాసును నోటికి అడ్డం పెట్టుకున్నాను. గ్లాసు వెనక నుంచి మామూలు గొంతుతోనే, "బాపు, అమ్మ ఏడుస్తున్నది" అన్నాను.

బాపు గ్లాసు వైపు చూసి, "చాయ్ మంచిగున్నదా?" అన్నాడు.

గ్లాసు దించాను. చాయ్ నా వేళ్ల మీద ఒలికింది. నా మొహం చూసి ఆయన కంగారు పడ్డాడు, కాలిందా బిడ్డా అని.

"బాపు, నీకు చెవులు ఇనవడుత లేవా?" అన్నాను నిదానంగా, ఆయన చూసేలా.

"నాకేమైంది? మంచిగనే ఇనవడుతయి. మీ అమ్రోలిలనే అందరు గుసగుసలు పెడుతరు. ఆడ సప్పుడే లేదు, పిట్ట గూడ కూయది" అన్నాడు.

అమ్రోలిలో మా కిటికీ కింద ఆటోల స్టాండు. పొద్దున లేచింది మొదలు హారన్లే. ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు. నా వీపు నిమురుతూ, చాయ్ మీద ఊదుకుని తాగమన్నాడు.

సాంచల దగ్గర పనిచేసిన వాళ్లకు చెవులు కాస్త మందగిస్తాయని మాకు తెలియక కాదు. ఉధ్నాలో అందరికీ అంతే, అందరం అరిచే మాట్లాడతాం. కాని కాస్త కాస్తగా బాపుకు మొత్తం పోయిందని ఎవరికీ తెలియలేదు, ఆయనతో సహా. ఒకే గదిలో ఎటు తిరిగినా ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది. అమ్మ పెదాలు కదిలితే ఆయనకు వినపడినట్టే. ఆ పెదాలకే నేను పచ్చ జకార్డ్ గుడ్డ అడ్డం పెట్టాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె పీట మీద కూర్చుని ఉంది. నమ్మలేదు.

"ఏం మాట్లాడుతున్నవే? ఇన్నేండ్లు నేనేమన్నా టక్కున జవాబు చెప్పెటోడు."

"నీ మొహం చూసి చెప్పిండు."

అమ్మ చేతిలో ఉన్న చిక్కుడుకాయను తుంచకుండా అలాగే పట్టుకుంది. "అయితే నేనడిగింది ఇననే లేదా?" అంది చివరికి.

"ఏం అడిగినవ్ అమ్మా?"

ఈసారి చెప్పింది. నన్ను చేసుకున్నందుకు నీకు ఎన్నడన్నా బాధైందా అని అడిగిందట. గిన్నెలు కడుగుతూ, తడక వెనక నుంచి. "ఒకటే అర్రల బతికినం. మొహం చూసుకుంట గసొంటి మాట ఎట్లడుగుతరు? ఈ తడక అడ్డమున్నదని ధైర్యం జేసిన. ఆయన టీవీ చూసుకుంట కూసున్నడు. బాధైంది కాబట్టే చెప్పలేదనుకున్న."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. పోయి మళ్లీ అడగమన్నాను. సచ్చినా అడగనంది.

ఆ సాయంత్రమే ఆటోలో పోయి బాపును తీసుకొచ్చాను. చెవుల డాక్టరుకు చూపిద్దామంటే, నాకేం రోగమని కసురుకున్నాడు. అది తర్వాత చూసుకుందామని వదిలేశాను. నన్ను తినేస్తున్నది తడక. తీసేస్తే అమ్మకు ఆ మూల పోతుంది. జీవితంలో మొదటిసారి ఆమెకు ఎవరికీ కనపడకుండా కూర్చునే చోటు దొరికింది, అది తీసేసే హక్కు నాకెక్కడిది? ఉంచితే బాపుకు అమ్మే పోతుంది. రెండు రెక్కలు మడిచాను. మళ్లీ ఒకటి తెరిచాను. దూరంగా పోయి చూశాను. ఇంటి అలంకరణ వీడియోల్లో వెలుతురు గురించి చెప్పారు, గోడ రంగు గురించి చెప్పారు, దీని గురించి ఎవరూ చెప్పలేదు. నాకు చేతకాక దాన్ని అలా సగం సగం వదిలేసి, నేల మీద కూర్చుని చీరలు మడతపెట్టుకుంటున్నాను.

అప్పుడు అమ్మ తడక వెనక నుంచి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ పోయి దివాన్ ముందు నిలబడింది. ఆమె వీపు నా వైపు ఉంది. సప్పుడు లేదు. మోచేతులు మాత్రం కదిలాయి. బాపు తల ఎత్తి, ఆమె మొహం మీద నుంచి కళ్లు తిప్పకుండా చూస్తున్నాడు. అమ్మ అడిగేస్తోందని నాకు అర్థమై చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

"అయింది! ఎందుకు గాలేదు!" అన్నాడు బాపు.

తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకు తెలియదు. మెట్లదాకా వినపడి ఉంటుంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాకు లేచి బాపు నోరు మూయాలనిపించింది.

"ఉధ్నా టేషన్ల దిగినంక, మనిల్లు ఎంత దూరమని అడిగినవ్ యాదికున్నదా?" అదే గొంతుతో అన్నాడు. "ఇల్లు లేదని నీకు చెప్పకుంట తోలుకొచ్చిన నేను. కార్ఖానాల గోనెసంచుల మీద పండవెట్టిన నిన్ను. గప్పుడైంది బాధ. నన్ను చేసుకొని ఈ పిల్ల ఆగమైందని. ఇప్పటికి గూడ అయితది నాకు."

ఎదురింటి బెన్‌కు తెలుగు రాదు, అయినా అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి అమ్మ భుజాలు కదిలాయి, చేతులు కదిలాయి. నోటితో కూడా ఏదో అంటోంది, సప్పుడు లేకుండా. నాకు ఆమె ముడి వేసిన జుట్టు, తడిసిన కొంగు తప్ప ఏమీ కనిపించలేదు. బాపు ఆ మాట చివరిదాకా చూశాడు. తర్వాత తల దించుకుని, లుంగీ కొసతో కళ్లు ఒత్తుకున్నాడు.

అమ్మ వెనక్కి తిరిగాక ఉండబట్టలేక అడిగాను, ఏమన్నావు అని.

"ఆయనకు ఇనవడ్డది, సాలు" అంది అమ్మ, చాయ్ పెట్టడానికి పోతూ.